ఓపిక లేని బ్యాచ్

ఆటోనగర్, గాజువాక.

ప్రియమైన పాఠక మిత్రులకు,

పోయిన ఉత్తరంలో మా స్నేహితుల ఊసు నాలుగు వాక్యాల్లో ఎత్తి, ఆ వెంటనే ఉక్కపోత మీదికి, దోమల మీదికి వెళ్ళిపోయాను. మీరు ఉక్కపోతని వదిలేసి ఆ నాలుగు వాక్యాలనే పట్టుకున్నారు. వచ్చిన జవాబుల్లో ఎక్కువ పెద్దవాళ్ళవే. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరైన ఒక పెద్దాయన రాసింది మాత్రం నా బల్ల మీదే ఉండిపోయింది. "బాబూ, మీ వయసు వాళ్ళకి దేవుడు అన్నీ ఇచ్చాడు, ఓపిక ఒక్కటి తప్ప. ఉద్యోగంలో నిలవరు. పెళ్ళంటే భయం. మాట అంటే పడరు. మేం ఎలా బతికామో మీకేం తెలుసు?" అన్నారు. కింద "ఏమీ అనుకోవద్దు" అని కూడా రాశారు.

ఏమీ అనుకోలేదు సార్. మా నాన్నగారు ఇదే మాట టిఫిన్ దగ్గర రోజూ అంటారు. మీరు మర్యాదగా, కాగితం మీద, ఒక్కసారే అన్నారు. ఈసారి ఉత్తరం మీ కోసమే రాస్తున్నాను. మిగతావాళ్ళు పక్కన కూర్చుని వినండి.

"మీ వయసు వాళ్ళు" అంటే ఎవరో ముందు చూద్దాం. అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ లెక్కలో 1981 నుంచి 1996 దాకా పుట్టినవాళ్ళందరూ మిలీనియల్స్. ఆ పేరు పెట్టింది విలియం స్ట్రాస్, నీల్ హౌ అనే ఇద్దరు అమెరికన్లు. 1991లో వచ్చిన వాళ్ళ పుస్తకంతో అది జనంలోకి వెళ్ళింది. మనవాళ్ళు నైంటీస్ కిడ్స్ అంటారు. మా అమ్మ "సెల్ ఫోన్ల పిల్లలు" అంటుంది, మాలో పెద్దవాడికి నలభై దాటినా సరే. ఏ పేరైనా, పుట్టిన సంవత్సరం చూసి మనిషి గుణం చెప్పడం నాకు జాతకం చెప్పడంలాగే ఉంటుంది. కార్ల్ మాన్‌హైమ్ అనే సమాజ శాస్త్రవేత్త 1928లోనే ఈ సంగతి తేల్చాడు. ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన తరం అయిపోరు, వయసొచ్చే రోజుల్లో ఒకే చరిత్ర మీద పడితే అవుతారు అన్నది ఆయన వాదం సారం. మా మీద ఏం పడిందో చెప్పాలంటే ముందు మీది చెప్పాలి.

మీరు ఓపిక పట్టారు, కాదనను. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిన ఫ్యాక్టరీని 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసేసరికి ఇరవై ఒక్క ఏళ్ళు గడిచాయి. అన్నేళ్ళు ఎదురు చూడడం మాటలు కాదు. అయితే సార్, ఆ శంకుస్థాపన దాకా రావడానికి ఓపిక పని చెయ్యలేదు కదా. 1966లో ఆ ఫ్యాక్టరీ విశాఖకి కావాలని అమృతరావు గారు నిరాహార దీక్షకి కూర్చున్నారు, కాలేజీ కుర్రాళ్ళు రోడ్డెక్కారు, పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది పోయారు. 1970 ఏప్రిల్‌లో గానీ ఢిల్లీ నోరు విప్పలేదు. ఆనాటి కుర్రాళ్ళని కూడా ఎవరో ఒక పెద్దమనిషి "వీళ్ళకి ఓపిక లేదు" అనే ఉంటాడు. వాళ్ళు ఆ మాట విని ఇంటికెళ్ళి పడుకుని ఉంటే ఇవాళ మీ పెన్షన్ కాగితాలూ లేవు, మా ఆటోనగర్ షెడ్లలో సగమూ లేవు.

గేటు లోపల అడుగు పెట్టాక మీరు పట్టిన ఓపికకి జీతం ముట్టింది. ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు చేసినా ఒకటో తారీఖు తప్పలేదు. ఉక్కునగరంలో క్వార్టరు, పిల్లలకి బడి, జబ్బు చేస్తే ఆస్పత్రి, పీఎఫ్ లోనుతో కూర్మన్నపాలెంలోనో శీలానగర్‌లోనో స్థలం. రేపు ఏమవుతుందో తెలిసిన మనిషికి ఇవాళ ఎంత కష్టమైనా భరించే శక్తి వస్తుంది. మీ సహనాన్ని తక్కువ చెయ్యడం లేదు. దాని వెనక ఒక ఏర్పాటు ఉందని మాత్రమే అంటున్నాను. మాకు ఆ ఏర్పాటు తీసేసి సహనం మాత్రం ఉంచుకోమంటున్నారు.

ఆటోనగర్ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గాజువాక పక్కనే ఏపీఐఐసీ వేసిన పారిశ్రామిక వాడ ఇది. బ్లాకులకి అక్షరాలే పేర్లు. లారీ బాడీలు కట్టేవాళ్ళు, రేడియేటర్లు అతికేవాళ్ళు, వెల్డింగ్ షెడ్లు, లేతు షాపులు, ఫ్యాబ్రికేషన్ యూనిట్లు, మధ్యలో టీ బడ్డీలు. వాన పడితే రోడ్డు మీది నీళ్ళలో ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి, డీజిలు పుణ్యం. చుట్టూ పెద్ద ఇళ్ళు ఉన్నాయి. 1941లో వాల్‌చంద్ మొదలుపెట్టిన షిప్‌యార్డు, 1957లో వచ్చిన రిఫైనరీ, 1966 నాటి బీహెచ్‌పీవీ, తర్వాత జింకు, ఆ తర్వాత ఉక్కు. ఆ ఇళ్ళకి కావలసిన షాఫ్టులూ, బుష్షులూ, కప్లింగులూ, కన్వేయరు రోలర్లూ ఈ షెడ్లలో తయారవుతాయి. జింకు మూతపడింది. బీహెచ్‌పీవీ 2013లో బీహెచ్‌ఈఎల్‌లో కలిసిపోయింది. ఉక్కు సంగతి మీకు నేను చెప్పాలా?

స్నేహితుల్లో మొదటివాడు, మా లేతు మిత్రుడు, ఇక్కడే ఉంటాడు. పేరు రాస్తే ఊరుకోడు. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాడు. నాన్న పోగానే ఇన్సూరెన్సు డబ్బుతో సెకండ్ హ్యాండ్ లేతు ఒకటి కొని అద్దె షెడ్డులో బిగించాడు. ఇప్పుడు మూడు మిషన్లు, ఆరుగురు పనివాళ్ళు. వినడానికి బాగుంటుంది. కానీ వాడి పని ఎలా వస్తుందో చూడండి. ఎక్కడో ఒక ప్లాంటులో షట్‌డౌన్ పెడతారు. రెండు రోజుల్లో పది షాఫ్టులు కావాలంటారు. రాత్రంతా మిషన్ ఆగదు, వీడు ఆగడు. సరుకు వెళ్ళిపోతుంది. బిల్లు మాత్రం బల్ల నుంచి బల్లకి నడుచుకుంటూ వెళ్తుంది. 2006లో చిన్న పరిశ్రమల కోసం చేసిన చట్టం ప్రకారం 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి, లేకపోతే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ఆ మాట నేను పెద్ద తెలివిగా వాడికి చెప్పాను. నవ్వి, చేతులు తుడుచుకుంటూ, "వడ్డీ అడిగితే వడ్డీ వస్తాదిరా బావా, ఆర్డరు రాదు. ఏటి కావాలి నాకు?" అన్నాడు.

2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ ఉక్కు ఫ్యాక్టరీని నూరు శాతం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ రోజు టీవీల ముందు కూర్చున్నది ఫ్యాక్టరీ ఉద్యోగులొక్కరే కాదు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులకి నదుల పేరూ అన్నం పేరూ పెట్టుకున్న ఫ్యాక్టరీ అది. 2024లో వాటిలో ఒక్కటే నడిచిన రోజులు ఉన్నాయి. అలాంటి రోజుల్లో ఆటోనగర్‌లో మధ్యాహ్నమే గ్రైండర్ల మోత తగ్గిపోయింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించాక మిఠాయిలు పంచుకున్నవాళ్ళని చూశాను, ఏం లాభం అని పెదవి విరిచినవాళ్ళనీ చూశాను. మావాడు రెండూ చెయ్యలేదు. డ్రాయింగు బల్ల మీద పరిచి టాలరెన్సు చూసుకుంటున్నాడు.

వీడి పెళ్ళి కథ చెబితే మీరు నమ్మరు. ఆరుగురికి జీతాలిచ్చే మనిషిని ఒక పిల్ల తండ్రి అడిగాడట, "అన్నీ బాగున్నాయి గానీ, ఉద్యోగం ఏదీ లేదా బాబూ?" అని. ఇంకో ఇంట్లో ఏకంగా, ప్లాంటులో కాంట్రాక్టు మీద చేసే కుర్రాడి సంబంధం ఉంది, అతనికి గేట్ పాస్ అయినా ఉంది కదా, అన్నారు. ఆ తండ్రులని తిట్టుకోలేను. వాళ్ళు కూడా మీ లెక్కే వేస్తున్నారు సార్. ఒకటో తారీఖు జీతం వచ్చేవాడు అల్లుడు, మిగతావాళ్ళు అబ్బాయిలు. ఆ లెక్క పుట్టిన రోజులు పోయాయి, లెక్క పోలేదు. రిటైరైన వాళ్ళ కుర్చీల్లో కొత్తవాళ్ళని కూర్చోబెట్టడం దాదాపు మానేసిన ఊళ్ళో, ఆ కుర్చీలో కూర్చున్న అల్లుడే కావాలని వెతుకుతున్నారు. పెళ్ళంటే భయం అన్నారు మీరు. మావాడికి పెళ్ళంటే భయం లేదు, పెళ్ళిచూపులంటే ఉంది.

రెండో మిత్రుడు కంప్యూటర్ల వాడు. మీలాంటి వాళ్ళు మా బ్యాచ్ మొత్తానికి గీసే బొమ్మ ఇతనిదే. ల్యాప్‌టాప్, చెవిలో తీగలు, జోమాటో, రెండేళ్ళకో కంపెనీ. సరే, అలాగే చూద్దాం. 2008లో బీటెక్ పాసయ్యాడు. చేతిలో ఆఫర్ లెటరు ఉంది. ఇంట్లో ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించారు. సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కూలింది. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు గారి ఒప్పుకోలు ఉత్తరం బయటికొచ్చింది. ఆఫర్ ఇచ్చిన కంపెనీ, దాని పేరు వద్దు, చేరే తేదీని ముందుకి జరుపుతూ పోయి చివరికి మాట్లాడడం మానేసింది. మావాడు రెండేళ్ళు కాల్ సెంటర్‌లో రాత్రి పూట అమెరికా వాళ్ళ క్రెడిట్ కార్డు తిట్లు తిన్నాడు. తర్వాత హైదరాబాదులో ఓ కంపెనీ దొరికింది, తోటివాళ్ళ కన్నా రెండు మెట్లు కింద. ఆ రెండు మెట్లు ఎక్కడానికే కంపెనీలు మారాడు. ఉన్నచోటే ఉంటే జీతం ఎదగదు, మారితే నిలకడ లేదంటారు.

ఇది వాడి ఒక్కడి తలరాత అనుకునేవాణ్ణి. లీసా కాన్ అనే ఆర్థికవేత్త అమెరికాలో 1980ల నాటి మాంద్యం చుట్టుపక్కల డిగ్రీ పాసైన వాళ్ళ జీతాలు లెక్కగట్టి 2010లో ఒక పరిశోధన అచ్చు వేశారు. చెడ్డ కాలంలో కాలేజీ దాటినవాళ్ళు పదిహేనేళ్ళ తర్వాత కూడా తోటివాళ్ళ కన్నా తక్కువ సంపాదిస్తూనే ఉన్నారని అందులో తేలింది. జపానులో ఇంకా ఘోరం. అక్కడ 1990ల మొదట్లో బుడగ పగిలాక కాలేజీ దాటినవాళ్ళకి పక్కా ఉద్యోగాల తలుపులు మూసుకుపోయాయి. వాళ్ళని "సోమరులు, పెళ్ళి చేసుకోరు, అమ్మానాన్నల ఇంట్లో పడి ఉంటారు" అని టీవీల్లో ఏళ్ళ తరబడి ఆడిపోసుకున్నారు. వాళ్ళు నలభైల్లోకి వచ్చాక, 2019లో ప్రభుత్వమే వాళ్ళ కోసం ప్రత్యేక పథకం పెట్టింది. అంటే తప్పు ఆ పిల్లలది కాదని ఒప్పుకోవడానికి పాతికేళ్ళు పట్టింది. మన దగ్గర ఇంకా ఆ పాతికేళ్ళు కాలేదు కాబట్టి మీ ఉత్తరాన్ని అర్థం చేసుకోగలను.

2020లో లాక్‌డౌన్ పెట్టగానే మావాడు ల్యాప్‌టాప్ పట్టుకుని గాజువాక ఇంటికొచ్చేశాడు. తండ్రి అప్పటికే రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళ పైన హెల్మెట్ పెట్టుకుని, సేఫ్టీ బూట్లు వేసుకుని వెళ్ళిన మనిషికి, లుంగీలో మంచం మీద కూర్చుని చేసేది కూడా పనే అని నమ్మకం కుదరలేదు. చుట్టాలు వస్తే "మావాడు ఇంట్లోనే ఉంటన్నాడు" అని తల వంచుకుని చెప్పేవారు. కొడుకు రాత్రి రెండింటికి మీటింగులో ఇంగ్లీషు మాట్లాడుతుంటే లేచొచ్చి, "ఎవరితోరా ఈ వేళప్పుడు?" అని అడిగేవారు. ప్రేమ వ్యవహారం అని ఆయన అనుమానం. అదే అయి ఉంటే ఎంత బాగుండేదో అంటాడు వాడు. 2023లో ఆ ఉద్యోగం కూడా పోయింది. ఒక ఈమెయిలు వచ్చింది, సాయంత్రానికి ల్యాప్‌టాప్ తెరుచుకోలేదు. వారం రోజులు తండ్రికి చెప్పలేదు. పొద్దున్నే స్నానం చేసి, చచ్చిన ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. ఇప్పుడు రుషికొండ వైపు ఓ చిన్న కంపెనీలో కాంట్రాక్టు మీద చేస్తున్నాడు. గాజువాక నుంచి అక్కడికి ఊరు మొత్తం దాటాలి. గూగుల్ వాళ్ళు 2025 అక్టోబరులో విశాఖకి ఐదేళ్ళలో పదిహేను వందల కోట్ల డాలర్లు తెస్తామని ప్రకటించిన రోజు, కాలనీ పెద్దలంతా వాడి భుజం తట్టారు. ఎక్కడో ఇంటర్వ్యూకి వెళ్తే తనకన్నా పన్నెండేళ్ళు చిన్న కుర్రాడు ఎదురుగా కూర్చుని, ఇంత అనుభవం మాకు అక్కర్లేదండీ అన్న సంగతి ఆ పెద్దలకి చెప్పలేదు.

మా ఖర్చుల మాట కూడా ఎత్తుతుంటారు పెద్దవాళ్ళు. 2017లో ఆస్ట్రేలియాలో టిమ్ గర్నర్ అనే రియల్ ఎస్టేట్ కోటీశ్వరుడు, కుర్రకారు ఇళ్ళు కొనలేకపోవడానికి అవకాడో పెట్టిన బ్రెడ్డు ముక్కలు తినడం కారణం అన్నట్టు మాట్లాడాడు. ప్రపంచమంతా నవ్వింది. మన దగ్గర ఆ బ్రెడ్డు ముక్కకి బదులు బిర్యానీ. నెలకి నాలుగు బిర్యానీలు మానేస్తే గాజువాకలో గజం స్థలం వచ్చే రోజులుంటే చెప్పండి, నేను ఆవకాయన్నంతో జీవితాంతం గడిపేస్తాను.

2023 అక్టోబరు పదహారున రుషికొండలో ఇన్ఫోసిస్ ఆఫీసు తెరిచారు. ఆ నెలలోనే ఆ కంపెనీని స్థాపించిన నారాయణమూర్తి గారు, దేశం బాగుపడాలంటే కుర్రకారు వారానికి 70 గంటలు పని చెయ్యాలన్నారు. 2025 జనవరికి ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు 90 దాకా వెళ్ళారు, ఇంట్లో కూర్చుని భార్య ముఖం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. ఈ వార్త మా లేతు మిత్రుడికి వినిపించాను. మిషన్ ఆపకుండానే, "నాను డెబ్బై ఎప్పుడో దాటేసినాను గానీ, సూడ్డానికి పెళ్ళాం ఏదిరా?" అన్నాడు.

ఇక మూడో మనిషి దగ్గరికి వస్తాను. ఉత్తరం రాయాలని కూర్చున్నదే ఈమె కోసం.

సార్, మీ తరం అంతా ఒకే గేటులోంచి లోపలికి వెళ్ళలేదు. ఫ్యాక్టరీ కోసం 64 గ్రామాలు లేచిపోయాయి. దాదాపు 22 వేల ఎకరాలు తీసుకున్నారు. 16 వేలకి పైగా కుటుంబాలకి ఆర్ కార్డులు, అంటే పునరావాస కార్డులు, ఇచ్చారు, ఇంటికో ఉద్యోగం అన్నారు. వేలమందికి వచ్చింది. వేలమందికి రాలేదు. మా స్నేహితురాలి తండ్రి ఆ రెండో జాబితాలో మనిషి. జీడిమామిడి తోట పోయింది, కార్డు వచ్చింది. ఆ కార్డు ట్రంకు పెట్టెలో, పెళ్ళి ఫొటోల కింద, పసుపు రాసిన కవరులో ఉంటుంది. ఆయన పెదగంట్యాడలో తాపీ పని చేసుకుంటూ, ప్రతి కొత్త కలెక్టరుకీ, ప్రతి కొత్త ఎమ్మెల్యేకీ అర్జీ పెట్టుకుంటూ ముసలివాడయ్యాడు. వయసు దాటిపోయాక కొడుకు పేరు మీద అడగడం మొదలుపెట్టాడు. ఆ కొడుక్కి కూడా ఇప్పుడు నలభై దగ్గర పడింది. ఓపికకి పతకాలు ఇస్తే మొదటిది ఆయన మెడలోనే వెయ్యాలి.

ఆ ఇంట్లో పెరిగిన పిల్ల ఈమె. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి పరవాడ ఫార్మా సిటీలో ఓ కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో చేరింది. తెల్లవారుజామున కంపెనీ బస్సు, రాత్రి షిఫ్టులు, చేతులకి వదలని సాల్వెంట్ వాసన. ఇంటి అప్పు ఆమే తీర్చింది. పాతికేళ్ళప్పుడు సంబంధాలు చూస్తే "ఇంటికి ఆధారం పోతుంది" అని ఇంట్లోవాళ్ళే వాయిదా వేశారు. ముప్పై దాటాక అదే చుట్టాలు "జీతాలొచ్చాక ఆడపిల్లలకి ఎవరూ ఆనరు" అనడం మొదలెట్టారు. మా బ్యాచ్ ఆడపిల్లల మీద వేసే ముద్రల్లో నాకు బాగా మండేది ఇదే. ఆమె ఎవరినీ కాదనలేదు, ఆమెని అడిగినవాళ్ళే లేరు.

ఒకడున్నాడు. పోర్టు వైపు కంటెయినర్ యార్డులో క్రేన్ ఆపరేటరు. వాళ్ళు క్రైస్తవులు, వీళ్ళు కాదు. ఐదారేళ్ళ పాటు ఆ పరిచయం మా నలుగురికి తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళు కలుసుకునే చోట్లు చెబితే నవ్వొస్తుంది. ఎక్కువగా ఎన్‌ఏడీ దగ్గర బస్సు మారేటప్పుడు, ఇంకెప్పుడైనా యారాడ బీచ్. ఆమెకి రాత్రి షిఫ్టు అయితే అతనికి పగలు. సముద్రం కన్నా వాళ్ళ డ్యూటీ చార్టులే ఎక్కువ చూసుకున్నారని మేం ఏడిపించేవాళ్ళం.

2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అచ్యుతాపురం సెజ్‌లో ఓ ఫార్మా కంపెనీలో పేలుడు జరిగింది. 17 మంది పోయారు. ఈమె ఉన్నది పరవాడలో, వేరే కంపెనీలో. కానీ టీవీల్లో మొదట వచ్చింది "అనకాపల్లి జిల్లాలో ఫార్మా కంపెనీలో ప్రమాదం" అన్నంతవరకే. ల్యాబులోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు, లాకరులో పెట్టాలి. లాకరులో ఫోను మోగి మోగి ఆగిపోయింది. క్రేన్ దిగి బైకు మీద పరవాడ గేటు దగ్గరికి వచ్చేశాడు ఆ అబ్బాయి. అప్పటికే ఆ గేటు దగ్గర సిమెంటు చేతులతో ఒక పెద్దాయన ఆటో దిగి నిలబడి ఉన్నాడు. ఇద్దరూ సెక్యూరిటీ వాణ్ణి ఒకే పేరు చెప్పి అడిగారు.

అలా తెలిసింది ఇంట్లో.

గొడవేం జరగలేదు. తండ్రి మెత్తని మనిషి. "కాస్త ఆగమ్మా, నలుగురూ ఒప్పుకునేదాకా ఓపిక పట్టు" అన్నాడు. ఆమె ఏడాది ఆగింది. ఆ ఏడాదిలో ఒప్పుకోవలసిన నలుగురు ఎనిమిది మంది అయ్యారు. పెదనాన్నలు, కులం పెద్ద, ఎప్పుడూ చూడని మేనత్త. ఈ ఎండాకాలం ఒక రాత్రి అన్నం తింటూ ఆమె తండ్రితో ఒకటే మాట అందట. "నీ ఓపిక నేను పుట్టినప్పటి నుంచి చూస్తన్నాను నాన్నా. అది ఆ పెట్టిలోనే ఉంది కదా." ఆయన చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు మామూలుగానే మాట్లాడాడు.

మీ ఉత్తరం అందిన వారంలోనే ఈ సంగతి నాకు తెలిసింది సార్. మీకు రాయడానికి అప్పటిదాకా నా దగ్గర ఉన్న జవాబంతా కోపం. ఆమె మాట విన్నాక ఆ కోపం చాలావరకు చల్లారింది, ప్రశ్న మాత్రం మిగిలింది. మీ ఇద్దరూ ఒకే వయసువాళ్ళు, ఒకే ఫ్యాక్టరీ గోడకి అటొకరు, ఇటొకరు. ఇద్దరూ ఒకే ఓపిక పట్టారు. మీకొచ్చింది ఆయనకి రాలేదు. మరి మా బ్యాచ్ ఏ ఓపిక చూసి నేర్చుకోవాలి?

మేం మాత్రం పెద్ద గొప్పవాళ్ళం అనుకోకండి. మా లేతు మిత్రుడి దగ్గర ఈ మధ్య ఐటీఐ చదివిన కుర్రాడొకడు పనికి కుదిరాడు, పందొమ్మిదేళ్ళు. మూడు వారాలు చేసి, రీల్స్ చూస్తూ ఓ బుష్షు పాడు చేసి, తిడితే అలిగి, రాపిడో బండి నడుపుకుంటానని వెళ్ళిపోయాడు. మావాడు టీ బడ్డీ దగ్గర నాతో, "ఈ కాలం గుంటలకి ఓపిక లేదురా, మన రోజుల్లో..." అని మొదలెట్టి, నా ముఖం చూసి ఆగాడు. కంప్యూటర్ మిత్రుడు అక్కడే ఉన్నాడు. ఆ కుర్రాడు రాపిడోలో నెలకి ఎంత సంపాదిస్తాడో లెక్కగట్టి చూపించాడు. పెట్రోలు పోగా మావాడు ఇచ్చే జీతం కన్నా కాస్త ఎక్కువే. ఆ తర్వాత టీ డబ్బులు ఎవరివ్వాలన్న దాని మీద వాదన నడిచింది, ఆ ఓపిక మాట వదిలేశారు.

ఇక అసలు కబురు. మా స్నేహితురాలూ, ఆ అబ్బాయీ 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో నోటీసు ఇచ్చారు. మతాలు వేరైతే ఎవరూ మారకుండా పెళ్ళి చేసుకోవడానికి అదొక దారి. నోటీసుని ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు, ముప్పై రోజులు ఆగాలి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆ లోపే చెప్పాలి. ఆ తర్వాత వధూవరులతో పాటు ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. చుట్టాల్లో ఎవరో ఆ నోటీసుని ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పారు. ఆమె అదే ఫొటో తీసుకుని కింద "అందరూ రండి" అని రాసి తిరిగి పంపింది.

సాక్షుల సంగతి ఇంకా తేలలేదు. నేనొకణ్ణి, ఖాయం. లేతు మిత్రుడు రెండోవాడు అనుకున్నాం గానీ, సరిగ్గా ఆ వారమే ఓ షట్‌డౌన్ పని ఒప్పుకున్నాడు, అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. కంప్యూటర్ వాడు సెలవు అడగాలంటే అమెరికాలో మేనేజరు నిద్ర లేవాలి. అయినా ఇద్దర్లో ఎవరో ఒకరు వస్తారు. మూడో సంతకం కోసం ఆమె తండ్రినే అడిగింది. ఆయన అవుననలేదు, కాదనలేదు. ఆ రోజు కూర్మన్నపాలెంలో నిర్వాసితుల మీటింగ్ ఉందట, పదకొండున్నరకల్లా తాను అక్కడ ఉండాలట. రిజిస్ట్రారు ఆఫీసు పొద్దున్న ఎన్నింటికి తెరుస్తారో కనుక్కోమన్నాడు.

ఉంటాను.

మీ ఆటోనగర్ మిత్రుడు